సామేలు ఎత్తని గుండు

1942వ సంవత్సరం చివరి వారాలు. కొల్లాపూర్ పోయే బాట మీద ఒక చిన్న ఊళ్ళో మిషన్ దవాఖాన ఉండేది. అందులో నేను ఆరేళ్ళుగా డాక్టర్ని. ఆడవాళ్ళకు పన్నెండు మంచాలు, మగవాళ్ళకు ఆరు, ఇద్దరు నర్సులు, ఒక కాంపౌండరు. వెనకవైపు రెండు గదుల ఇంట్లో నేనొక్కదాన్నే. మద్రాసులో వైద్యం చదివి వచ్చిన ఆడమనిషి ఒంటరిగా ఎందుకుంటుందని ఊరివాళ్ళు మొదటి ఏడాది అడిగారు, రెండో ఏడాది ఊహించారు, మూడో ఏడాది మానుకున్నారు. నా నోటికి జడిసే మానుకున్నారని కాంపౌండరు అనేవాడు. కావచ్చు.

సామేలు ఓపీకి వచ్చిన రోజు వరండా మొత్తం లేచి నిలబడింది. ఓపీ అంటే మంచం అవసరం లేని రోగులను చూసి, మందిచ్చి పంపే వేళ. చలిజ్వరంతో వణుకుతున్నవాడు కూడా గోడ పట్టుకొని లేచాడు. ఎవరితనని నేనడిగితే కాంపౌండరు నా వంక జాలిగా చూశాడు. ఆరు క్రోసుల అవతలి ఊళ్ళో పీర్ల పండగ పందెంలో నల్లరాతి గుండు ఎత్తే సామేలు అట. అతనికి ముందు అతని తండ్రి ఎత్తేవాడు, తండ్రికి ముందు పెదతాత. ఆ ముగ్గురి పేర్లూ కాంపౌండరు మా మిషన్ వాళ్ళు బైబిల్లో వంశావళి చదివినట్టు చదివాడు. సంతలో సామేలు ఎక్కడ కూర్చుంటే అక్కడ జనం మూగి, అతని దండ కండను చేత్తో పట్టి చూసి పోతారట. ఆ రోజు పోలీసు అమీను సాబు కూడా కచేరీ వదిలి వచ్చి చూసి పోయాడు.

మనిషికి ముప్పై ఏళ్ళుంటాయి. పొడగరి కాదు, కానీ అతను తలుపులో నిలబడితే గదిలో వెలుతురు తగ్గింది. ఆడడాక్టరు ముందు రోగం చెప్పుకోలేక కాంపౌండరు చెవిలో చెప్పాడు. అతను నాకు చెప్పాడు. నేను సిగ్గు సంగతి తరవాత చూద్దామని చెప్పి పడుకోబెట్టి చూశాను. కుడి గజ్జలో హెర్నియా. అంటే కడుపు కింది కండర గోడ ఒకచోట పలచబడి, బరువెత్తినప్పుడల్లా పేగు అందులోంచి ఉబికి బయటికొస్తుంది. పడుకుంటే లోపలికి పోతుంది. పోయినన్నాళ్ళు ఫరవాలేదు. ఒక రోజు పోదు. అక్కడే ఇరుక్కొని నెత్తురు ఆడక పేగు చచ్చిపోతుంది. దాన్ని స్ట్రాంగ్యులేషన్ అంటాం. ఆ రోజుల్లో మా దగ్గర అది వస్తే మనిషి దక్కడం అరుదు.

పెద్ద దవాఖాన నుంచి సర్జను మూడు నెలలకొకసారి వచ్చేవాడు. వచ్చే సోమవారమే రాక. అప్పుడు కోయించుకో, లేదంటే మళ్ళీ వేసవిలో అన్నాను. పీర్ల పండుగ అయినంక వేసవిలోనే వస్తానన్నాడు సామేలు. పండుగనాడు గుండు ఎత్తితే నువ్వు వేసవి దాకా ఉండవన్నాను. నవ్వాడు. నాకు కోపం వచ్చింది. రాయి ఎత్తి ఊరిని మెప్పించడానికి ప్రాణం ఇస్తావా, నీ కండల మీద నీకంత మోజా అని గట్టిగానే అడిగాను. వాదనలో నాకు ఎదుటివాడి నోరు మూయించడం అలవాటు. అతను మాత్రం నోరు తెరిచాడు.

"మోజు గాదమ్మా," అన్నాడు. "గుండు మా వాడోడు ఎత్తితే, ఆ ఒక్కదినం మా వాడ మొత్తం చెప్పులేసుకోని గడి ముంగటికెల్లి నడుస్తది. ముసలోళ్లు, ఆడోళ్లు, అందరు. ఎత్తకపోతే లేదు."

గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. దాని ముందు మా వాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకొనో, చంకలో పెట్టుకొనో నడవాలి. మా వాళ్ళు అని ఎందుకన్నానంటే, మా తాత కూడా నల్లగొండ దగ్గర ఒక ఊళ్ళో అలా నడిచినవాడే. మా నాన్న మిషన్ బడిలో పంతులయ్యాడు, నేను మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగాను. కాళ్ళకు బూట్లతోనే పెరిగాను.

మర్నాడు మళ్ళీ వాదించాను, ఈసారి గొంతు తగ్గించి. ఏ దారీ లేదా అని అడిగాను. ఉందన్నాడు. పానం బాగలేక ఎత్తకుంటే తప్పు లేదట. వాడ పాలు, అంటే గుండు ఎత్తే హక్కు, మళ్ళీ ఏడాదికి అలాగే నిలుస్తుందట, ఆ ఏడాది చెప్పుల నడక కూడా జరుగుతుందట. కానీ ఎవరు వద్దన్నారో వాళ్ళే వచ్చి, గుండు దొర్లించకముందు పీర్ల ఎదుట నిలబడి, నేనే వద్దన్నానని చెప్పాలి. చీటీ పనికిరాదు. మనిషి రావాలి. ఎవరూ రాకుండా, పిలిస్తే పలకకుండా పోతే మాత్రం ఆ వాడ పాలు ఎప్పటికీ పోతుంది.

"వస్తా," అన్నాను. "నేనే వచ్చి చెప్తా."

"మాటనా అమ్మా?"

"నా మాట నీకు రాయి కంటే తేలికగ కనవడ్తుందా?"

సోమవారం ఆపరేషను జరిగింది. సర్జను కోశాడు, నేను సాయం చేశాను. ఆ కండలను చూసి ఆయన కత్తి చేతిలో పట్టుకొని ఒక క్షణం ఆగడం నాకు గుర్తుంది. ఆ కాలంలో హెర్నియా కోస్తే మూడు వారాలు మంచం దిగనిచ్చేవాళ్ళం కాదు. మొదటి వారం సామేలు మంచం చుట్టూ తిరునాళ్ళే. అతని వాడ నుంచి రోజూ నలుగురైదుగురు వచ్చేవాళ్ళు. అక్క దేవమ్మ జొన్నరొట్టెలు మూటగట్టుకొని వచ్చేది. నర్సులు తరిమితే కిటికీ దగ్గర నిలబడేవాళ్ళు. పోతూ పోతూ ఒక్కొక్కరూ నాకు దండం పెట్టేవాళ్ళు. డాక్టరమ్మ వస్తానందట అని వాడంతా తెలుసు.

మొహర్రం నెలవంక కనబడి చావిళ్ళలో పీర్లు లేచాయి. మా ఊళ్ళోనూ డప్పులు మొదలయ్యాయి. పదోనాడు సర్కారు సెలవు, ఓపీ బందు. ఆ పొద్దున్నే బండి కట్టించుకొని పోదామని నేను మనసులో నిర్ణయించుకున్నాను. ఆ వారం వార్డు నిండా చలిజ్వరాలు, యుద్ధం వల్ల క్వినైను చాలడం లేదు, పైగా ఒక కాన్పు రెండు రోజులు కూర్చోబెట్టింది. రెండుసార్లు పోవడానికి వీల్లేదు కాబట్టి పండుగ రోజే పోవడం తెలివైన పని అనుకున్నాను. పండుగ అంటే పదోరోజు. నాకు తెలిసింది అదే. మిషన్ కాంపౌండులో పెరిగిన పిల్లలకు పీర్ల పండుగ అంటే తలుపులేసుకొని ఇంట్లో కూర్చునే రోజు. డప్పులు గోడకవతల విన్నదాన్నే తప్ప ఒక్కసారి చూసినదాన్ని కాను. పాస్టరుగారు ఆదివారం వార్డులో చేసే ప్రసంగంలో పీర్ల దగ్గరికి పోయే సంఘస్థులను మందలించేవారు. సామేలు కూడా తమ ఊరి సంఘంలోవాడే. నేను ఆ ప్రసంగం వింటూ తల ఊపేదాన్ని. అది అతను మంచం మీంచి చూశాడు.

ఏడోనాడు పొద్దున రౌండుకు పోయాను. రౌండంటే మంచం మంచానికీ తిరిగి రోగులను చూడడం. గాయం ఎండిపోయింది, చీము లేదు. కట్టు మార్చి పక్క మంచానికి తిరుగుతుంటే వెనక నుంచి అడిగాడు.

"పోతున్నవా అమ్మా?"

"ఇంక మూడు దినాలుంది గద సామేలూ."

అతను డప్పుల వైపు చెవి పెట్టాడు. తరవాత మెల్లగా అన్నాడు:

"మా ఊర్ల గుండు ఏడోనాడే లేస్తదమ్మా. ఇయ్యాల్నే."

కొన్ని ఊళ్ళలో ఏడోనాడు పీర్లు చిన్నగా ఊరేగుతాయి. ఆ ఊళ్ళో గుండు పందెం ఆ రోజే. ఈ ముక్క నాకు తెలియదని అతనికి తెలియదు. తెలిసినా, పీర్ల సంగతి మిషన్ డాక్టరమ్మ ముందు ఎన్నిసార్లు ఎత్తుతాడు? పైగా చదువుకున్న మనిషికి రోజు గుర్తుచేయడం అంటే నీ మాట మీద నమ్మకం లేదని చెప్పడమే కదా. దేవమ్మ కూడా అందుకే ఊరుకుంది. నా వైపు నుంచి ఒక్క ప్రశ్న సరిపోయేది.

కట్టు మార్చిన చేతులు కడుక్కోకుండానే బండి కట్టించాను. ఆరు క్రోసులు ఎడ్లబండి మీద ఎంతసేపు పడుతుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బండివాడిని తిట్టాను, ఎడ్లను తిట్టాను, బాటను తిట్టాను. ఊరు చేరేసరికి పొద్దు గుంకుతోంది. పీర్ల చావిడి ముందు గుంతలో నిప్పు కణకణలాడుతోంది గానీ జనం పలచబడ్డారు. గుండు ఒక పక్కన ఉంది. నూనె రాసిన నల్లరాయి, దాని మీద ఎవరో పసుపు బొట్టు పెట్టారు. నా నడుము ఎత్తు కూడా లేదు.

పీర్లను చూసుకునే ముజావరు మదార్ సాబు అనే ముసలాయన. నేనెవరో చెప్పగానే నీళ్ళు తెప్పించి ఇచ్చాడు.

"మూడుసార్లు పిలిచిన బిడ్డా, సామేలు అని. బాట దిక్కు చూసుకుంటనే పిలిచిన. ఎవలు పలుకలే. గడి పైల్వాను ఎత్తిండు."

నేనే వద్దన్నానని, నేనే సాక్ష్యమని, ఇప్పుడు చెబుతున్నానని, రోగిని కత్తి కింద పడుకోబెట్టినదాన్ని నేనేనని ఆయనతో వాదించాను. రోజు తెలియకపోవడం నా తప్పు గాని అతని తప్పు కాదని వాదించాను. ఆయన అంతా విన్నాడు. నా జీవితంలో నేను అంత బాగా ఎప్పుడూ మాట్లాడి ఉండను.

"నువ్వు నిజమే చెప్తున్నవు," అన్నాడు. "గుండు దొర్లినంక నిజం చెప్పి ఏం లాభం బిడ్డా."

వాడకు పోయాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. డాక్టరమ్మను ఎవరంటారు? మంచం వాల్చారు, మజ్జిగ ఇచ్చారు. ఇద్దరు మనుషులు పొద్దుటి నుంచి ఊరి బయట నా బండి కోసం నిలబడ్డారని దేవమ్మ చెప్పింది. ఆ చెప్పడంలో నిష్ఠూరం లేదు. ఒక ముసలావిడ గుడిసె ముందు కూర్చొని కొత్త చెప్పులకు అంటిన దుమ్ము కొంగుతో తుడిచి గూట్లో పెడుతోంది. నేను చూశానని ఆమె చూసింది. నన్ను అనాల్సిందంతా వాళ్ళు సామేలుకు దాచిపెట్టారని నాకు అప్పుడు తట్టలేదు.

మర్నాటి నుంచి అతని మంచం దగ్గరికి ఎవరూ రాలేదు. ఇంకా పదకొండు రోజులు పడుకోవాలి. కిటికీ దగ్గర ఎవరూ నిలబడలేదు. దేవమ్మ ఒక్కతే ఒకసారి వచ్చింది, రొట్టె పెట్టి వెళ్ళిపోయింది. మంచంలో పండి వాడ ఇజ్జతు మిషనుకు అమ్ముకున్నాడని ఊళ్ళో అంటున్నారట. నేను పోయి చెప్పాను కదా అని కాంపౌండరుతో అరిచాను. మీరు చెప్పినందుకే అంటున్నారమ్మా, మిషను మాటకే ఆగాడని ఊరందరికీ తెలిసింది అన్నాడు అతను. రోజూ రౌండులో సామేలు మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడేదాన్ని. గాయం మాత్రం ఫస్ట్ ఇంటెన్షన్‌తో మానింది. అంటే చీము పట్టకుండా, కుట్టు కుట్టినట్టే అతుక్కుంది. సర్జను చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

డిశ్చార్జి రోజు క్షమించమని అడిగాను. ఆ మాట నాకు తెలుగులో అంత కష్టంగా ఉంటుందనుకోలేదు.

"నువ్వు అడగలే, నేను చెప్పలే," అన్నాడు. అంతే. కోప్పడి ఉంటే బాగుండేది, కోపానికి నేను జవాబు చెప్పగలను.

ఊరికి పోయి ఒక రాత్రి ఉన్నాడట. తరవాత షాబాద్ వైపు బండలు కొట్టే పనికి పోయాడు. రెండేళ్ళ తరవాత ఒకసారి వచ్చాడు, నేను రమ్మన్నానని గుర్తుపెట్టుకొని మచ్చ చూపించడానికి. కండర గోడ గట్టిగా ఉంది. దగ్గమన్నాను, వంగమన్నాను, గోడ ఎక్కడా కదల్లేదు. ఇక బరువులు ఎత్తొచ్చు అన్నాను, సంతోషపడతాడేమోనన్న ఆశతో.

"గుండు లేదమ్మా ఇప్పుడు," అన్నాడు. "గడి గొడ్లకొట్టం గోడల పెట్టి కట్టేసిండ్రు."

చొక్కా వేసుకొని వెళ్ళిపోయాడు. వరండాలో కూర్చున్నవాళ్ళు ఎవరూ లేవలేదు. బహుశా గుర్తుపట్టలేదు.

మీలో కొందరు అనొచ్చు, ప్రాణం దక్కింది కదా, డాక్టరు పని అదే కదా అని. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను, అద్దం ముందు. కేస్ షీట్లో సామేలు పేరు ఎదుట "క్యూర్డ్" అని నా చేతిరాతే ఉంది. అది తప్పని ఎవరూ నిరూపించలేరు.

ఆ కేసు నాకు నేర్పింది ఒక ప్రశ్న. రోగం ఎప్పటి నుంచి, నొప్పి ఎక్కడ అని అడిగినట్టే, మంచంలో పడుకోబెట్టే ముందు ప్రతి మనిషినీ అడుగుతాను: ఈ నెలలో నువ్వు తప్పకుండా ఉండాల్సిన దినమేది, ఎక్కడ? ఏ పండుగ, ఏ రోజు అని కాదు, నీ దినమేదని. మొదట్లో నర్సులు నవ్వారు. జవాబులు మాత్రం నేనెన్నడూ ఊహించినవి కావు. ఒకామెకు అడవిలో మోదుగాకు కోసే మొదటిరోజు. ఒకాయనకు చనిపోయిన తమ్ముడి గొర్రెలను పంచే రోజు. చాలాసార్లు సర్జనును ఆపి ఆపరేషను రెండు రోజులు ఆలస్యంగా పెట్టాం, ఎవరూ చావలేదు.

మొన్న ఒక ముసలమ్మను కంటి ఆపరేషనుకు పెట్టుకుంటూ అదే అడిగాను. మనవరాలిని తొట్లెల, అంటే ఉయ్యాలలో, వేసే దినం చెప్పింది, నేను రాసుకున్నాను. కాగితం మడుస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మరి నీకే దినమమ్మా? నీకోసం ఎవలు చూస్తరు?"

సోమవారం సర్జను వస్తాడని చెప్పి, పక్క మంచానికి వెళ్ళాను.