అక్క ఇంట్లో పలకని మాట

కడపలో మా అక్క వంటింట్లో ‘లేదు’ అనకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి, దీపం ఆరిపోతే కొండెక్కిందనాలి. లేమిని నోటితో పలికితే అది విని, వచ్చి ఇంట్లోనే కూర్చుంటుందట. ఈ ఆచారాన్ని నేను వేదికలెక్కి ఎండగట్టాను. ఖాళీ డబ్బాను నిండుగా ఉందని చెప్పుకున్నంత కాలం, దాన్ని ఖాళీ చేసిందెవరని అడగలేమన్నాను. ఇప్పటికీ అంటాను. బావ మాత్రం నవ్వేసి, "మీ తమ్మునికి ముందు అన్నం పెట్టు. కడుపు కాలితే ఉపన్యాసం ఇంకా పొడుగైతాది" అనేవాడు.

బావ వయసంతా నాపరాళ్ల పాలిష్ మిల్లులో గడిచింది. ఆ దుమ్ముకు ముక్కున కట్టుకున్న గుడ్డపేలిక తప్ప మరే అడ్డూ ఉండేది కాదు. పోయిన వేసవిలో ఆయాసం ముదిరితే కర్నూలు తీసుకుపోయాం. డాక్టరు అక్కనూ నన్నూ పక్కకు పిలిచి, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని, నయం చేసే మందు లేదని చెప్పాడు. ఆ మాట బావ చెవిన వేయొద్దని అక్క నా చెయ్యి పట్టుకుంది. పైకి అంటే అదే జరుగుతుందని ఆమె భయం. ఆయన చావు సంగతి ఆయనొక్కడికే తెలియకపోవడం ఏం న్యాయమని అడిగాను. ఆమె ఏడ్చింది.

కడపకు తిరిగొచ్చాక, అక్క నీళ్లు పట్టడానికి వీధి కొళాయికి పోయినప్పుడు బావే అడిగాడు.

"నువ్వయితే దాపెట్టవని అడుగుతాండా. దీనికి మందు ఉండాదా?"

"లేదు బావా."

ఆయన కాసేపు గోళ్ల సందుల్లోకి చూసుకున్నాడు. అక్కకు తెలుసా అన్నాడు. తెలుసన్నాను.

"నాకు తెల్సని ఆమెకు చెప్పొద్దప్పా. నాకు తెలీదనే ధైర్యంతోనే ఆమె నిలబడుండాది."

ఆ రోజు నుంచీ ఆయన దగ్గు తగ్గిందనేవాడు, ఆమె మొహం తేటపడిందనేది. వానలు మొదలవకముందే బావ పోయాడు.

దినవారాలయ్యాక అక్క నాకు అన్నం వడ్డిస్తూ, "మీ బావకు ఆకరిదాకా తెలీదురా. నా మాట విని నువ్వు నోరు కట్టేసుకుంటివి. అదే శానా మేలైంది" అంది.

నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.