కడిగేసిన గూళ్లు

మేస్త్రీకి కంపు గిట్టదు. పెళ్లయిన కొత్తలోనే ఆయన భార్యకు ఆ సంగతి తెలిసిపోయింది. తడిగుడ్డ ఏ మూలనో మిగిలిపోతే ఇంటిల్లిపాదిలో ముందు ఆయన ముక్కే పసిగట్టేది. చేపల మార్కెట్టు మీదుగా దగ్గరి దారి ఉన్నా చుట్టూ తిరిగి ఇంటికొచ్చేవాడు. వడ్రంగి కొట్టు ఊడవకుండా దీపం ఆర్పిన రోజు లేదు. చిత్రిక పొట్టు ఒక గోతంలోకి, రంపం పొట్టు ఇంకో గోతంలోకి పోవాలి. జిగురు డబ్బా మూత బిగించి కిటికీ అవతల పెట్టాలి.

పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నప్పుడు ఇంట్లో విరిగిన కుర్చీని ఊడదీసి, ఏ ముక్క దేనిలోకి దిగిందో చూసి, మళ్లీ బిగించాడు. కుర్చీ నిలబడింది. ఆ తర్వాత కిటికీలు, తలుపులు, పడవల్లో బల్లలు చేశాడు. ఎవరైనా కొట్టు ముందు నిలబడి కొయ్య గురించి కబుర్లు మొదలుపెడితే వాళ్ల చేతికి గరుకు కాగితం అందించేవాడు. చాలామంది అక్కడితో సెలవు తీసుకునేవారు.

అలాంటి కొట్టుకి ఒకరోజు డాక్టరమ్మ వచ్చింది. అందరూ డాక్టరమ్మ అంటారు గాని ఆవిడ సూది వేయదు, మందివ్వదు. పిట్టల మీద చదువుకున్న మనిషి. సంచీలోంచి గుడ్డలో చుట్టిన చచ్చిన పిట్టను తీసి పని బల్ల మీద పెట్టింది. మేస్త్రీ రెండడుగులు వెనక్కి వేశాడు. పాత చేపనూనె, తడిమట్టి కలిసి మగ్గినట్టు ఒక వాసన.

"కొండవాలులో బొరియలు తవ్వుకుని ఉండేవి ఇవే మేస్త్రీ గారు. వానలకి మట్టి జారిపోయి అడుగున రాయి తేలుతోంది. బొరియలు కూలిపోతున్నాయి. వాటి బదులు పెట్టెలు కావాలి. ముందు చేయి పొడవు సొరంగం, చివర చిన్న గది, పైన మూత. సొరంగం ఒక వంపు తిరగాలి. లోపలికి వెలుతురు రాకూడదు."

ఆయన ముక్కు మూసుకునే కొలతబద్ద తీశాడు. పిట్టకు పైన నలుపు, కింద తెలుపు. ఒంటికి మించిన పొడవాటి సన్నటి రెక్కలు. ఆ రెక్క కొసతో అలను కోస్తున్నట్టు నీళ్లకు ఆనుకుని పోతుందని పడవల వాళ్లు దాన్ని అలకోత అనేవారు. డాక్టరమ్మ మాటలో షియర్‌వాటర్. కాళ్లు ఎక్కడో తోక దగ్గర అతికించినట్టున్నాయి.

"కాళ్లు తప్పు చోట బిగించారు," అన్నాడు మేస్త్రీ.

"ఈతకైతే అదే సరైన చోటు. నేల మీదే నిలబడలేదు. పొట్ట మీద పాక్కుంటూ పోతుంది. పగలు ఒడ్డెక్కితే సముద్రపు కాకులు చీల్చి తినేస్తాయి. అందుకే చీకటి పడ్డాకే వస్తుంది."

పిట్ట ముక్కు మీద రెండు చిన్న గొట్టాలు పక్కపక్కనే ఉన్నాయి. ఎవరో ఉలితో తొలిచి పెట్టినంత నేర్పుగా ఉన్నాయి. మేస్త్రీ చేతిని ముక్కు మీంచి తీసి వాటిని తడిమాడు. కంపు సంగతి ఆ కాసేపు మర్చిపోయాడు.

"ఈ గొట్టాలున్నవన్నీ ఒకే పెద్ద సంతతి," అంది డాక్టరమ్మ. "మనిషిని మించి రెక్కలు చాచే ఆల్బట్రాస్ నుంచి గుప్పిట్లో ఇమిడే పిట్ట దాకా. ఒంట్లో చేరిన సముద్రపు ఉప్పు ఈ ముక్కులోంచే కారిపోతుంది. అందులో షియర్‌వాటర్లు ఒక శాఖ. ఇంటిపేరు ఒకటే, లోపల పేర్లు వేరు. చిక్కంతా ఈ నలుపు తెలుపు చిన్నవాటితోనే. అన్నీ కవలల్లా ఉంటాయి. తోక కింద ఈకలు నల్లనివా తెల్లనివా, కాళ్లు ఏ రంగు, ముక్కు ఎంత పొడవు అని మావాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నారు."

"కొట్టుకుంటే తేలుతుందా?"

"తేలదు. అందుకే ఇప్పుడు రక్తం చూస్తున్నాం. ఉత్తరపు దీవుల్లో అచ్చం ఇలాంటివే వేలకు వేలున్నాయి. ఇవీ అవీ ఒకటేనో, వేరో తెలియాలి. వేరైతే మాత్రం, లోకం మొత్తానికి ఇవి ఈ వాలు మీదే ఉన్నట్టు."

మేస్త్రీకి అప్పట్లో ఆ మాట పెద్దగా పట్టలేదు. సొరంగం వంపు ఎలా కుదర్చాలా అని ఆలోచిస్తున్నాడు.

మొదటి పెట్టె పాత పలకలతో చేశాడు. అది ఆయనకే నచ్చలేదు. ఆ తర్వాతివి నీరు పట్టని కొయ్యతో, మూలల్లో మేకు కనపడకుండా, మూత వేస్తే వెంట్రుక దూరనంత బిగువుగా చేశాడు. పడవ నడిపే బావమరిది వాటిని కొండకు చేరవేసేవాడు.

"పిట్టలకు సొంతిళ్లు కట్టిస్తున్నావు బావా, తాళాలొక్కటే తక్కువ. మా అక్క మంచం కోళ్లు మాత్రం పెళ్లినాటి నుంచీ ఊగుతూనే ఉన్నాయి."

"అక్కడ ఊగేది మంచం కాదు, నీ నోరు."

"ఊగేది మంచమే," అంది లోపలి నుంచి భార్య.

పిట్టలు పెట్టెల్లో చేరాయి. మేస్త్రీ అనుకోనిది అదే. ఏడాదికి ఒకే గుడ్డు. అది పోతే ఆ ఏడు మళ్లీ పెట్టదు. ఆలుమగలు వంతులు వేసుకుని పొదిగేవి. ఒకటి గూట్లో పస్తులుంటే రెండోది ఎక్కడో నడిసముద్రంలో తిని వచ్చేది. పిల్ల, తల్లి కంటే లావెక్కేది. ఒకసారి మూత ఎత్తి చూడబోతే అది బెదిరి ఆయన చొక్కా మీద నూనె కక్కింది. భార్య ఎన్నిసార్లు ఉతికినా పోకపోతే ఆ చొక్కాని కొట్లోనే వేలాడదీయించింది. మేస్త్రీ దాన్ని పారేయలేదు. కొండకు వెళ్లేటప్పుడు అదే తొడుక్కునేవాడు.

ఏటేటా అవే జంటలు అవే పెట్టెలకు వచ్చేవి. కాళ్లకు డాక్టరమ్మ తొడిగిన కడియాలను బట్టి ఆ సంగతి తెలిసేది. తను చేసిన తలుపులు ఏ ఇంట్లో ఎలా ఉన్నాయో మేస్త్రీ ఎన్నడూ వెళ్లి చూసింది లేదు. ఈ పెట్టెల్ని మాత్రం పేరుపేరునా ఎరుగును.

అలా కొన్నేళ్లకు పాత బొరియలన్నీ కూలిపోయి, పిట్టలన్నీ పెట్టెల్లోకే చేరాయి. ఒక ఏడు, అవి సముద్రం మీదికి పోయిన కాలంలో, డాక్టరమ్మ రక్తం పరీక్షల పని మీద నగరానికి వెళ్లింది. అప్పుడే పెట్టెలకు సొమ్మిచ్చే ఆఫీసు వాళ్లు చూడటానికి వచ్చారు. మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్లను వాలు మీదికి తీసుకెళ్లాడు. మంచి పెట్టె ఒకటి ఎంచి మూత తీశాడు. ముందున్న పెద్దమనిషి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. వెనకున్నావిడ పక్కకు తిరిగి దగ్గింది. మూలల్లో అతుకు ఎలా కుదిరిందో ఒక్కరూ చూడలేదు.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "నా చేతిపని కంపు కొడుతోందన్నారు," అన్నాడు.

"అన్నారా?"

"అనలేదు. అన్నట్టే."

మర్నాడే మొదలుపెట్టాడు. ఒక్కో పెట్టె లోపలి గడ్డి, ఈకలు, రెట్ట గీకి కుప్పపోసి కాల్చేశాడు. సోడా నీళ్లతో తోమాడు. ఫినాయిల్ పట్టించాడు. నల్లబడిన చోటల్లా చిత్రిక పట్టి, తెల్లటి కొయ్య బయటపడ్డాక వార్నిష్ రెండు పూతలు వేశాడు.

"డాక్టరమ్మని ఒక మాట అడగరాదూ?" అంది భార్య. "ఫోనుందిగా."

"ఇల్లు కడుక్కోడానికి కూడా డాక్టరు చీటీ కావాలా?"

ఒక్క పెట్టె మిగిలింది. బండరాయి కింద ఇరుకులో ఉన్న మొదటి పెట్టె. మూత ఉబ్బి బిగుసుకుపోయింది, అడుగు పలక సగం చివికింది. దాన్ని బాగు చేయడం దండగ, వచ్చే ఏడు తీసి పారేసి కొత్తది పెడదాం అనుకుని వదిలేశాడు. మిగతావి ఎండలో ఆరబెట్టి ఎక్కడివి అక్కడ దించాడు. వాలంతా కొత్త ఫర్నిచర్ దుకాణంలా వాసన వేసింది. ఇంత చక్కటి పని జన్మలో చేయలేదనిపించింది.

పిట్టలు తిరిగొచ్చే రోజుల్లో చీకటి పడ్డాక ఆయన వాలు మీద కూర్చున్నాడు. ధబ్ ధబ్ మని నేల మీద పడుతున్నాయి. పాక్కుంటూ పెట్టె నోటి దాకా వస్తున్నాయి. అక్కడ ఆగి, తల లోపలికి పెట్టి, వెనక్కి తీసుకుంటున్నాయి. పక్క పెట్టె దగ్గరికి పోతున్నాయి. మళ్లీ తమ పెట్టె దగ్గరికే వస్తున్నాయి. వాలంతా అరుపులు. గూళ్లలోంచి జవాబులా వినిపించే అరుపు వేరు, ఆయనకు తెలుసు. ఇవి బయట నుంచి బయటికే అరుస్తున్నాయి.

కొత్త కదా, అలవాటు పడతాయిలే అనుకున్నాడు. పడలేదు. గుడ్లు పెట్టే వేళకి కొన్ని గడ్డిలో, కొన్ని రాళ్ల సందుల్లో, కొన్ని పెట్టెల మూతల మీదే పెట్టాయి. తెల్లారేసరికి సముద్రపు కాకులు వచ్చేవి. మేస్త్రీ కర్ర పట్టుకుని అటు తరిమితే ఇటు దిగేవి. రోజూ పొద్దున్నే వాలు మీద పెంకులు. అక్కడక్కడా, పొదుగుతూ లేవలేకపోయిన పిట్టల రెక్కలు.

అప్పుడు ఫోన్ చేశాడు. డాక్టరమ్మ వచ్చి ఒక పెట్టె మూత తీసి, వంగి వాసన చూసింది.

"దేనితో కడిగారు?"

"సోడాతో. తర్వాత ఫినాయిల్. వార్నిష్ రెండు పూతలు."

"లోపల కూడానా?"

"లోపలే ఎక్కువ."

"అడుగున ఉన్న పాత గడ్డి?"

"కాల్చేశాను అమ్మా."

ఆవిడ మూత మీద కూర్చుంది. "చీకట్లో ఇవి కంటితో కాదు, ముక్కుతో ఇల్లు పోల్చుకుంటాయి. ఆ కంపే వాటికి ఇంటి గుర్తు." వార్నిష్ మెరుపును గోటితో గీకి, "ఈ సంగతి చెప్పి వెళ్లాల్సింది నేను," అంది.

ఆవిడ తిట్టి ఉంటే బదులు చెప్పడానికైనా ఏదో ఒకటి దొరికేది. మేస్త్రీ ఉలి అందుకున్నాడు. పెట్టెలన్నీ మళ్లీ పైకి తీసి వార్నిష్ చెక్కేశాడు. మట్టి పూశాడు. తన పాత చొక్కా ముక్కలు చేసి ఒక్కో పెట్టెలో ఒక్కో ముక్క వేశాడు. ఏ పిట్టా రాలేదు. ఆ కంపు అన్ని పెట్టెలకూ ఒక్కటి కాదు, ఏ ఇంటి కంపు ఆ ఇంటిది. అది ఆయన చేతుల్లో లేని పని.

చివికిన పెట్టెలో మాత్రం జంట చేరింది. వాలు మొత్తం మీద ఆ ఒక్క గుడ్డు పిల్లయింది.

"పెద్ద పిట్టలు బతికే ఉన్నాయిగా," అంది భార్య ఒక రాత్రి. "పై ఏడు పెట్టవూ?"

"జంటలు చెదిరిపోయాయట. మళ్లీ జత కట్టి చోటు చూసుకోవాలంటే ఏళ్లు పడుతుందట. తవ్వుకుందామంటే మట్టి లేదు." దుప్పటి లాక్కుని, "రక్తం ఒకటేనని తేలితే బాగుండు," అన్నాడు.

"తేలితే?"

"పోయింది ఒక ఇల్లు అవుతుంది. వంశం కాదు."

ఊళ్లో మిగతా వాళ్లంతా వేరని తేలాలనే కోరుకుంటున్నారు. వేరైతే కొండకు కంచె పడుతుంది, కాపలా వస్తుంది, పేపర్లో పేరొస్తుంది. ఒకటేనని తేలాలని కోరుకున్న మనిషి మేస్త్రీ ఒక్కడే. పొద్దున లేస్తూనే అదే కోరిక, చిత్రిక పడుతూ అదే కోరిక. ఉత్తరపు దీవుల పిట్టల బొమ్మ ఒకటి డాక్టరమ్మ దగ్గర అడిగి తెచ్చుకుని, తేడా ఎక్కడా లేదని తనకు తాను చూపించుకునేవాడు.

ఫలితం వచ్చిన రోజు బావమరిది పరుగున కొట్లోకి వచ్చాడు. "బావా, మన పిట్టకు సొంత పేరు పెడతారట. ఇక దాని దారి దానిదేనట." మేస్త్రీ ముఖం చూసి, వెనక్కి జరిగి గుమ్మానికి ఆనుకున్నాడు.

వెనకే డాక్టరమ్మ వచ్చింది. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట అయినా ఆవిడ ముఖంలో వెలుగు లేదు.

"ఖాయమేనా అమ్మా?"

"ఖాయమే. ఎప్పుడో చాలా కాలం కిందటే విడిపోయాయి. తోక కింద ఆ నల్ల ఈకలు ఊరికే లేవు."

"అయితే ఇంకెక్కడా..."

"ఎక్కడా లేవు మేస్త్రీ గారు."

ఆయన చేతిలో ఉలిని గుడ్డతో తుడిచి దాని చోట దాన్ని పెట్టాడు. కొట్టు ఊడవకుండానే బయటికి నడిచాడు.

చివికిన పెట్టెలో పిల్ల అప్పటికే ఎగిరిపోయింది. బతికితే ఎన్నో ఏళ్లు సముద్రం మీదే తిరిగి అప్పుడు గాని ఒడ్డు తొక్కదు. అప్పటికి ఈ పెట్టె ఉండదు. బహుశా తనూ ఉండడు. మేస్త్రీ బండ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఉబ్బిన మూతను వేళ్లతో కొద్దికొద్దిగా పైకి లాగాడు. అడుగు పలక నల్లగా, మెత్తగా ఉంది. ఒక మూల వాన నీళ్లు చేరాయి. గంటలో పలక మార్చేయగలడు. దానికి సరిపడా కొయ్య కొట్లో ఉంది.

పలక ముట్టుకోలేదు. వంగి తల లోపలికి పెట్టి, గుండె నిండా గాలి పీల్చాడు. పాత నూనె, మట్టి, ఈకలు. కళ్లు మండాయి. ఇంకోసారి పీల్చాడు. కిందటి వారం కంటే వాసన పలచబడింది. ఆయన ముక్కు ఈ విషయంలో ఎప్పుడూ తప్పు చెప్పలేదు.