ఉప్పు కలిసిన తొట్టె

నా చిన్నప్పుడు తార్నాకలో మేం అద్దెకున్న ఇంట్లో పక్క వాటా ఒక అక్కది. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి, యూనివర్సిటీలో చేపల మీద పరిశోధన చేసేది. వాళ్లింట్లో పెద్ద చదువుకు వచ్చింది తనొక్కతే. మేం గుంటూరు వాళ్లం; నాన్న అదే యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. ఎండాకాలం సెలవుల్లో నా అల్లరికి అమ్మ విసుక్కుంటుంటే, పక్కింటి అక్క నన్ను తన వెంట ల్యాబుకు తీసుకుపోయేది.

అక్కడ గాజు తొట్టెల్లో బొచ్చె చేపపిల్లలు ఉండేవి. చేపల మలం, మిగిలిన మేత పేరుకున్న నీళ్లలో నైట్రైట్ అనే విషం పుడుతుందనీ, అది మొప్పల గుండా రక్తంలోకి పోతుందనీ అక్క చెప్పింది. ఒకసారి రక్తపు చుక్కను అద్దుడు కాగితం మీద వేసి చూపించింది. ఎర్రగా లేదు, కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

"నీళ్లల్ల గాలి మస్తున్నది. గాని గీ రక్తం దాన్ని మోస్తలేదు" అంది.

మరి వాటికి మందే లేదా అని అడిగాను. అలమరలో ఉప్పు సీసా చూపించింది.

"మొప్పల కాడ ఉప్పుకూ, ఈ విషానికీ తొవ్వ ఒక్కటే. ఉప్పు ఎక్కువుంటే అదే ముందుగాల లోపలికి పోతది. విషానికి సందు దొరకది."

కొన్ని తొట్టెల్లో ఉప్పు వేసేది, కొన్నింట్లో వేసేది కాదు. ఉప్పు లేని చేపలు ఎంతవరకు ఓర్చుకుంటాయో, మంచినీళ్లలోకి మార్చాక వాటి రక్తం మళ్లీ ఎరుపెక్కడానికి ఎన్ని రోజులు పడుతుందో చూడటమే ఆమె పని. నెలల తరబడి చేస్తూ వచ్చింది. అది చివరి విడత.

ఒకరోజు తన పరిశోధన చూసే గైడు పిలిస్తే అక్క పై అంతస్తుకు వెళ్లింది. నేనొక్కదాన్నే ఉన్నాను. ఉప్పు లేని తొట్టెలో చేపపిల్లలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చూడలేకపోయాను. స్టూలెక్కి, తడిచేత్తోనే సీసాలోంచి గుప్పెళ్లు తీసి ఆ తొట్టెలో వేశాను.

మర్నాటికి అవి కిందికి దిగి హాయిగా ఈదుతున్నాయి. అక్క చాలాసేపు చూసింది. నీళ్లు పరీక్ష చేసింది. సీసా మూత తీసింది. లోపల ఉప్పు నా చేతి తడికి గడ్డకట్టి ఉంది.

"నువ్వేమన్న ఏసినవా బిడ్డా?"

"లేదక్కా."

ఆమె మళ్లీ అడగలేదు.

గైడు వచ్చి విషయం తెలుసుకుని, పాత అంకెలనే కాస్త అటూ ఇటూ మార్చి రాసెయ్యమన్నాడు. ఎవరు చూడొచ్చారన్నాడు. అక్క తన నోటుబుక్కులో ఆ తొట్టె పేజీకి అడ్డంగా గీత కొట్టి, తొట్టెలో ఉప్పు కలిసింది, ఈ ఫలితాలు చెల్లవు అని రాసింది.

"ఎవరు కలిపారు?" అని ఆయన గద్దించాడు.

"నా అజాగ్రత్తనే సార్" అంది.

నేను స్టూలు మీదే కూర్చుని ఉన్నాను.

వానాకాలంతో ఆమె పరిశోధన గడువు అయిపోతుంది. మళ్లీ మొదటి నుంచీ చెయ్యాలంటే గడువు పెంచాలి. పెంచమని అక్క పెట్టుకున్న కాగితం మీద గైడు సంతకం పెట్టలేదు. ఆ సంగతి నాన్న భోజనాల దగ్గర అమ్మకు చెబుతూ, అబద్ధం రాసుంటే ఈపాటికి ఆ పిల్ల డాక్టరయ్యేది అన్నాడు. నేను పెరుగన్నం తింటూ తలెత్తలేదు.

అక్క వెళ్లిపోయిన రోజు రిక్షాలో ట్రంకు పెట్టె పెట్టించి, నా దగ్గరికొచ్చి తల నిమిరింది. "చేపలైతే బతికినయి కదా, ఏడ్వకు" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. అమ్మ పక్కనే ఉంది, నాన్న గుమ్మంలో ఉన్నాడు. ఒక్క మాట చెబితే నాన్న వెళ్లి గైడు కాళ్లావేళ్లా పడేవాడేమో, ఆయన మనసు మారేదేమో. నాకు దెబ్బలు పడతాయని భయం. రిక్షా మలుపు తిరిగిపోయింది.

తర్వాత నేను సైన్సు టీచర్నయ్యాను. ప్రయోగంలో వచ్చిందే రాయండి, తప్పొస్తే తప్పే రాయండి అని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను. నిక్కచ్చి మనిషినని పేరొచ్చింది. అక్క ఏ ఊరు వెళ్లిందో, ఏం చేసి బతికిందో నాకు తెలియదు. ఊరి పేరు కూడా అడగలేదు నేను.

చేపల మీద జాలిపడి ఉప్పు వేసినందుకు నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. "లేదక్కా" అన్నది మాత్రం అలాగే ఉండిపోయింది. అమ్మానాన్నలకు వాళ్లు పోయేదాకా చెప్పలేదు. డెబ్బై దగ్గర పడ్డాక, వినవలసిన వాళ్లెవరూ దగ్గర లేని రోజున, ఇప్పుడు చెబుతున్నాను.