సిగ్రిడ్ కిటికీ పరీక్ష

సిగ్రిడ్ థోర్లాక్సన్ ఏ పేజీనీ బల్ల మీద పెట్టి చూసేది కాదు. కిటికీ అద్దానికి ఆనించి చూసేది. కెనడాలో, విన్నిపెగ్‌లోని మా చిన్న ప్రచురణ సంస్థలో ముప్పై ఒక్క ఏళ్లపాటు అచ్చుకి పేజీలు కూర్చింది ఆమే. వెలుగులో చూస్తే ముందువైపు వరుస మీద వెనకవైపు వరుస సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే ఆ పేజీ వెనక్కి వెళ్లేది. మైనస్ ముప్పై చలిలో వచ్చి, కోటు విప్పకుండానే కిటికీ దగ్గర నిలబడేది. మధ్యాహ్నం రై గింజల రొట్టె, పొగబెట్టిన చేప తినేది కూడా అక్కడే, చేతులు మూడేసి సార్లు తుడుచుకుంటూ.

ఆకులు రాలే కాలంలో రోడెల్ మనలాస్తాస్ వచ్చాడు. నలభై దాటినవాడు, ఇద్దరు కూతుళ్ల తండ్రి. అతను పేజీలను చేత్తో సర్దడు, కంప్యూటర్‌లో సీఎస్ఎస్ అనే భాషలో నియమాలు రాస్తాడు. వరుస ఎత్తు అచ్చు కొలతలో పద్నాలుగు పాయింట్లు. శీర్షికైనా, ఫోటో అయినా చుట్టూ ఖాళీతో కలిపి పద్నాలుగో, ఇరవై ఎనిమిదో, నలభై రెండో రావాలి. అలా రాస్తే పుస్తకమంతా ఒక్కసారే వరుసకు వస్తుంది. సంస్థ నడిపేది నేను గనక సిగ్రిడ్‌కి ముందే చెప్పాను. రోడెల్ చేస్తున్న సరస్సు జాలర్ల చరిత్ర పుస్తకం నీ కిటికీ దాటితే, వసంతం నుంచి అన్నీ రోడెల్ పద్ధతిలోనే, నీ ఉద్యోగం ఉండదని.

ఆ పుస్తకాన్ని ఆమె మూడుసార్లు తిప్పికొట్టింది. మూడోసారి ఒక్క పేజీ కోసం.

"ఎనభై ఎనిమిదో పేజీ. తొమ్మిదో వరుస దగ్గర్నుంచి కిందికి జారింది," అంది.

"ఎంత జారింది?"

"వెంట్రుకంత."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు కదా."

"కాళ్లు నువ్వే లెక్కపెట్టుకో, వాల్టర్. కిటికీ అక్కడే ఉంది."

చూశాను. నాకేమీ కనపడలేదు. ఉద్యోగం పోతుందని లేని తప్పు పుట్టిస్తోందని గట్టిగా అనుకున్నాను. అనుమానం పెనుభూతం అంటారు, అది నా నెత్తికెక్కింది. ఆమె కాఫీ నెమ్మదిగా తాగినా ఏదో ఎత్తుగడలాగే కనపడేది.

అందుకే ఒక ఉచ్చు పన్నాను. రోడెల్ రాకముందు ఇదే పుస్తకం మొదటి అధ్యాయాన్ని సిగ్రిడ్ తన పాత పద్ధతిలో కూర్చింది. అందులోంచి ఒక కాగితం, రోడెల్ చేసినదాంట్లోంచి అదే భాగం ఉన్న కాగితం తీసి, ఎవరిదో చెప్పకుండా ఆమె ముందు పెట్టాను. కపటం ఉంటే రోడెల్‌దాన్ని వాసన పట్టి తోసేస్తుందని నా ఊహ.

ఆమె వాటిని తీసుకునేలోపే రోడెల్ లోపలికి వచ్చాడు.

"వాల్టర్ గారూ, ఎనభై ఎనిమిది సంగతి దొరికింది. తొమ్మిదో వరుసలో ఫుట్‌నోట్ అంకె ఉంది. పైకెక్కిన ఆ చిన్న అంకె తన వరుసని కొంచెం లావు చేసింది, దాని కిందవన్నీ జారాయి. మేడమ్ చెప్పిందే నిజం. సరిచేశాను." ఆమె వైపు తిరిగాడు. "మీవి కళ్లా, భూతద్దాలా మేడమ్?"

"కళ్లే, నాయనా. పోయిన వారమే కొత్త జోడు పెట్టించుకున్నా."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ కాగితాలు ఇలా ఇచ్చెయ్ అందామనుకున్నాను. అప్పటికే ఆమె రెండింటినీ అద్దానికి ఆనించింది.

"ఇది బాగుంది. ఇది బాగాలేదు, ఫోటో కింద వరుసలు పైకి లేచాయి." రెండో కాగితాన్ని నా వైపు తిప్పింది. "బాగాలేనిది నాది, వాల్టర్. ఆ ఫోటో చేత్తో సర్దింది నేనే."

తర్వాత ఆమె రోడెల్ చేతిలోంచి సరిచేసిన ఎనభై ఎనిమిదో పేజీ తీసుకుని వెలుగుకి పెట్టి చాలాసేపు చూసింది. తప్పు వెతుకుతోందని ఆ క్షణంలో కూడా అనుకున్నాను, నా బుద్ధి అలాంటిది. పేజీ మూల 'సరే' అని రాసి సంతకం పెట్టి నా చేతికిచ్చింది.

"వసంతం అన్నావుగా. మార్చి అనుకోనా, ఏప్రిల్ అనుకోనా?"