వదిన పీణ్యకు వేసిన దారి

పోయిన ఆదివారం పొద్దున అన్నయ్య ఫోన్ చేసి, వదిన ఇక లేదని చెప్పాడు. చాలాకాలంగా మంచంలోనే ఉంది కనుక ఊహించని కబురేమీ కాదు. అయినా ఫోన్ పెట్టేశాక ఎక్కడ కూర్చోవాలో కూడా తోచలేదు.

కాలేజీ చదువుకని హిందూపురం నుంచి నేను యలహంకలో వాళ్ళింటికి చేరాను. తొంభైల చివరి మాట. వదిన పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసేది. బాబు నెలలు నిండకుండా పుట్టాడు. వాణ్ణి వదిలి వెళ్ళొద్దన్నాడు డాక్టరు. సెలవైపోయింది, వస్తావా మానేస్తావా అన్నాడు యజమాని. ఇష్టపడి చేరిన ఉద్యోగం. "ఇంటినుంచే చేస్తాను, వారం గడువివ్వండి" అని అడిగింది వదిన.

పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, లినక్స్ ఎక్కించి, మోడెం తగిలించింది. ఫ్యాక్టరీలో ఉన్నదేమో విండోస్ సర్వర్. రెండింటికీ పొత్తు కుదరక నానా తంటాలు పడింది. చివరికి మోడెం కీచుమని అరిచి కలిసింది. సర్వర్ పలికింది. దాని వెనక, ఆర్డర్లుండే కంప్యూటర్ మాత్రం ఉలకలేదు. గడువు ఆ రోజుతో సరి.

"పోనీలే, మానేయ్" అన్నాడు అన్నయ్య, మెత్తగానే. వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాబును భుజాన వేసుకుని తెర వంకే చూస్తూ నిలబడింది.

కాసేపటికి నాతో అంది: "మన మాట ఆడిదాకా పోతాండాది అమ్మీ. జవాబు ఏ దారిన పంపల్లనో దానికి తెలీదు. ఆ దారి మనమే చెప్పల్ల."

ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ లైనూ మోడెంకే సరిపోయింది. ఆ దారిని ఆమె రాసిచ్చిన కాగితం పట్టుకుని వీధి చివరి ఫోన్ బూత్‌కు పరిగెత్తాను. ఫ్యాక్టరీలో ఆమెతో పనిచేసే ఒకాయనకు ఫోన్‌లో ఒక్కో అక్షరం, ఒక్కో అంకె చదివాను.

"ఏనమ్మా, కడాన ఉండేది ఐదా, తొమ్మిదా?" అన్నాడాయన, కన్నడం కలిపి.

"ఐదన్నా."

"ఆయ్తు. ఎక్కించినా. చూడమను."

నేను తిరిగొచ్చేసరికి తెర మీద ఆర్డర్లు వరుసగా దిగుతున్నాయి. "వచ్చేసినాయి చూడు!" అని వదిన నన్ను దగ్గరికి లాక్కుంది. ఉద్యోగం నిలిచింది. బాబు బడికి పోయేదాకా ఇంటినుంచే చేసింది.

ఏ పనైనా కుదరక నేను విసుక్కుంటే, "దాన్ని తిట్టద్దు. ఏడ ఆగిందో చూడు" అనేది. చదువులోనే కాదు, తర్వాత నా కాపురంలోనూ ఆ మాట నన్ను ఆదుకుంది.

మధ్యాహ్నం పనయ్యాక కిటికీ దగ్గర కూర్చుని, కబుర్లు చెబుతూ నాకు తల దువ్వేది. దగ్గర్లోని ఎయిర్‌బేస్ నుంచి విమానం లేచిందంటే ఇక ఏమీ వినపడేది కాదు. వదిన మాట మధ్యలో ఆగి, దువ్వెన నా జుట్టులోనే ఉంచి, ఆ హోరు దాటిపోయేదాకా నవ్వుతూ అలాగే కూర్చునేది.