టిక్కు లేని ఇళ్లు

“ఓటెవరికో అడక్కుండా బండెక్కించావా? బుర్రుందా అసలు?” అని చర్చి ట్రెజరర్ పోలింగ్ నాడు నడిరోడ్డు మీద అరిచాడు.

ఆ తిట్లు తిన్నవాడు చర్చి వ్యాను డ్రైవరు. పదకొండేళ్లుగా పెళ్లివారినీ, రోగులనూ, శవపేటికలనూ ఒకే జాగ్రత్తతో మోసినవాడు. చచ్చినా హారన్ కొట్టడు గనక అందరికీ ‘హారన్ మావయ్య’ అయ్యాడు.

చర్చి రాజకీయాల్లో ఎందాకా పోవచ్చో నెల కిందట ఒక లాయరమ్మ హాల్లో విడమరిచి చెప్పింది. ఓటు వేయమనవచ్చు, అభ్యర్థులందరినీ పిలిచి మాట్లాడించవచ్చు, ఓటర్లకు బండి పెట్టవచ్చు. ఫలానావాడికే వేయమనకూడదు, వాడి మనుషులనే ఎక్కించుకోకూడదు. పాస్టరు గారు ముందు వరసలో కూర్చుని అన్నిటికీ తలూపారు.

పోలింగ్ రోజు గేటుకి ‘అందరికీ ఉచిత ప్రయాణం’ అని బ్యానరు కట్టారు. డ్రైవరు చేతికి మాత్రం ట్రెజరర్ ఒక జాబితా ఇచ్చాడు. తమ అభ్యర్థికి వేసేవాళ్ల పేర్ల పక్కనే టిక్కులున్నాయి.

“టిక్కున్న ఇళ్లకే వెళ్లు, మావయ్యా.”

“లేనివాళ్లడిగితే?”

“బండి పాడైందను.”

“పాస్టరు గారికి తెలుసా?”

“ఆయన ప్రార్థనలో ఉన్నారు.”

మావయ్య జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ప్రార్థన ఆయనది, అబద్ధం తనది. అయినా ఇంట్లో ముగ్గురి తిండి ఈ ఉద్యోగం మీదే. జాబితా ప్రకారమే రెండు ట్రిప్పులు వేశాడు.

మూడోసారి వెళుతుంటే కుట్టుమిషనమ్మ చేతికర్ర అడ్డం పెట్టి ఆపింది. పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయిన మనిషి. తన ఓటు అవతలివాడికేనని ఎవరడిగినా చెబుతుంది. ఆమె పేరు పక్కన టిక్కు లేదు.

“ఏరా తమ్ముడూ, రెండుసార్లు నా ముందునుంచే పోయావు. నేను కనబళ్లేదా, నా ఓటు కనబడిందా?”

“బండి పాడై...” అన్నాడు. ఇంజను ఆమె ఎదుటే శుభ్రంగా నడుస్తోంది. తన నోరు తనకే కంపు కొట్టింది. దిగి, తలుపు తీసి, ఆమెను నడుం పట్టి ఎక్కించాడు. ఆ వీధిలో చెయ్యెత్తిన ప్రతివాళ్లనూ ఎక్కించాడు.

మలుపులో ట్రెజరర్ బండికి అడ్డంగా నిలబడి, ‘ఓటెవరికో అడక్కుండా బండెక్కించావా?’ అని అరిచింది అప్పుడే.

“అడిగితే చెప్పేస్తారు అల్లుడూ. అప్పుడు నువ్వు చెప్పినట్టు నేను దించెయ్యాలి.”

“తాళాలిచ్చెయ్!”

“వీళ్ల ఓట్లు పడనీ.”

చివరి మనిషిని ఇంటి దగ్గర దించాకే తాళాలిచ్చాడు. కుట్టుమిషనమ్మ వేలి మీద సిరా ఆరిపోయింది, అతని ఉద్యోగం పోయింది. ఆదివారం పాస్టరు గారు మెత్తటి గొంతుతో, “మన డ్రైవరు విశ్రాంతి కోరుకున్నారు, ఆయన కోసం ప్రార్థిద్దాం,” అన్నారు. వ్యానులో ఎక్కినవాళ్లతో సహా అంతా ఆమెన్ అన్నారు.

రెండు నెలల జీతం, ఆ రోజు అతను జేబులోంచి పోయించిన డీజిలు డబ్బు చర్చి ఇంకా ఇవ్వలేదు.