పాస్టీ కొనకు పేరు

సాయవ్వ గరిజెలు చేసిందంటె సిద్దిపేట మిషన్ దవాఖాన ఎనుక వాడకట్టంత ఆమె గడప ముందట్నే ఉండేది. లోపల పెట్టే నువ్వులపొడి, బెల్లం సంగతి గాదు నేను చెప్పేది. గది ఎవలన్న దంచుతరు. అంచు సంగతి! బొటనవేలుకు చూపుడువేలుకు నడుమ పిండిని పట్టి, మలిచి, నొక్కి, మళ్ళ మలిచి, తాడు పేనినట్టు అల్లుకుంట పోయేది. నూనెల ఎంత కాగినా ఒక్క గరిజె నోరు తెరిచేది గాదు. "నా గరిజెలకున్న బుద్ధి నాకు లేదమ్మా, అవి నోరు మూసుకొని ఉంటయి" అని తనను తానే ఎక్కిరించుకునేది. నిజమే, సాయవ్వ నోరు ఊకుండేది గాదు. మనసుల ఒకటి, మాటల ఒకటి ఆమెకు చేతనే గాదు.

పెనిమిటి యోబు బావులు తవ్వే మనిషి. చిన్నకోడూరు తొవ్వల ఒక బావి సగం తవ్వినంక ఒడ్డు విరిగి మీద వడ్డది. మూడు దినాలు మట్టి తీసిన్రు. తీసినకొద్ది కూలుతుంటె చేతులు ఎత్తేసిన్రు. మనిషి ఆ బావిలనే ఉండిపోయిండు. బావిని గట్లనే ఇడిశిపెట్టిన్రు. గప్పటిసంది సాయవ్వ ఆ తొవ్వ మొకం సూడలేదు. బొందవెట్టిన జాగ ఉన్నోళ్ళు పండుగనాడు పోయి రెండు పూలు పెట్టి వస్తరు. ఆమె ఏడికి పోవాలె?

మిషన్ వంటింట్ల గిన్నెలు తోమే పని దొరికింది. ఆరేండ్లు తోమింది. తోముకుంటనే కండ్లన్ని పొయ్యి ముందటి పీట మీదనే ఉండేవి. ఆ పీట మీద వంట రాములవ్వ కూసునేది. రాములవ్వకు కండ్లు మసకలు వచ్చి బిడ్డ దగ్గరికి మద్దూరుకు పోయింది. పీట ఖాళీ అయింది. అది తనకు దొరికితె బాగుండనుకున్నది సాయవ్వ.

"గిన్నెలు తోమే చేతులకు దొరల వంట వస్తదా? సికింద్రాబాదుల నాకు తెలిసిన బట్లరు ఉన్నడు, పిలిపిస్త" అన్నడు భూపతి కంపౌండరు. మందులు కలిపే మనిషికి వంటింట్ల ఏం పనో దేవునికెరుక.

పాస్కో దొరసాని ఎటూ చెప్పలేదు. ఆమె దవాఖానల పెద్ద నర్సు. గప్పుడే ఆమెకు ఒక ఉత్తరం వచ్చింది. కోలారు బంగారు గనుల్ల పనిచేసే వాళ్ళన్న జాన్ దొర క్రిస్మస్‌కు వస్తుండట. అన్నాచెల్లెండ్లు ఒకరి మొకం ఒకరు సూసుకొని పదకొండేండ్లట. దొరసాని ఉత్తరం పట్టుకొని చిన్నపిల్ల లెక్క వంటింట్లకు ఉరికొచ్చింది.

"సాయవ్వా, మా అన్నకు పాస్టీ పెట్టాలి! ఇంగ్లండ్‌లో మా కార్న్‌వాల్ పాస్టీ, గని పనివాళ్ళ తిండి! నాకు చేయడం రాదు. సూది వేస్తాను, పురుడు పోస్తాను. పిండి మాత్రం నా మాట వినదు."

"గట్లంటె ఏంది దొరసానమ్మా?"

"పిండిని రొట్టెలా చేసి, సగం మీద కూర పెట్టి, మిగతా సగం మడిచి, పక్కన అంచు అల్లాలి."

"ఓస్, గింతేనా! గరిజె గదనమ్మా గది!" అని సాయవ్వ చేతులు చరిచింది.

"గరిజె లాంటిదే. కానీ నూనెలో వేయకూడదు, నిప్పు సెగ మీద కాల్చాలి. ఒక్కటి తింటే మనిషి కడుపు నిండాలి."

లోపలికి ఏమేం పోవాలెనో దొరసాని వేళ్ళు ముడుచుకుంట చెప్పింది. పెద్దకూర, అంటె గొడ్డుమాంసం, అది సుత కడుపు పక్కపొంటి ఉండే పలుచ కూర, కత్తితోని సన్నగ కోసింది. ఆలుగడ్డ. ఉల్లిగడ్డ. దొరసాని సీమ నుంచి గింజలు తెచ్చి దవాఖాన ఎనుక పెంచిన పచ్చటి శల్గంగడ్డ. ఉప్పు. దండిగ మిర్యాలపొడి.

"అల్లం ఎల్లిగడ్డ?"

"వద్దు."

"కారం?"

"వద్దు."

"కొత్తిమీర సుత వద్దా? గదేం కూరమ్మా, దవాఖాన పథ్యమా?"

"క్యారెట్ వేస్తరు గద మేడమ్, నేను సికింద్రాబాదుల సూసిన" అని భూపతి తలుపు కాడికెళ్ళి అందుకున్నడు. దొరసాని మొకం ఎర్రగైంది. "క్యారెట్ వేసిన వాళ్ళను మా ఊళ్ళో పెళ్ళికి కూడా పిలవరు!" అన్నది. భూపతి మందుల గదిలకు నడిచిండు. సాయవ్వ పండ్లన్ని కనవడేటట్టు నవ్వింది.

ఆఖరుకు దొరసాని గట్టిగ చెప్పిన మాట ఒక్కటే. "కూర పచ్చిదే పెట్టాలి. ముందే వండకూడదు."

"సరేనమ్మా" అన్నది సాయవ్వ. నోరైతె అన్నది గని మనసు ఒప్పలేదు. గరిజెలల్ల ఏది పెట్టినా ఏంచి పెడుతం గద. పచ్చికూర పిండిల మూట గట్టి పెడితె సుట్టపోళ్ళు మొకాన ఊంచరా? పాపం ఆ దొరసానికి వంట రాదాయె, మర్చిపోయి చెప్పి ఉంటది అనుకున్నది. తలుపు దగ్గరికేసి కూర కమ్మగ వండింది. చేయి ఊకుండక చిటికెడు కారం సుత వేసింది. దాన్నే పెట్టి, అంచు అల్లి, గాసునూనె డబ్బను కోసి చేసిన పొయ్యిల పెట్టి, కింద నిప్పులు, మీద నిప్పులు పోసింది.

దొరసాని ఒక ముక్క నోట్లె పెట్టుకొని కండ్లు మూసుకున్నది.

"చాలా రుచిగా ఉంది. కానీ ఇది పాస్టీ కాదు."

సాయవ్వ నెత్తిన పిడుగు వడ్డట్టైంది. దొరసాని పాస్టీని నడిమికి తుంచి సూపెట్టింది. లోపల కూర ఓ మూలకు దగ్గరవడి ఉన్నది, పిండి ఎండిపోయి ఉన్నది.

"చూడు, కూర వేరుగా ఉంది, రొట్టె వేరుగా ఉంది. అన్నీ పచ్చివే లోపలికి పోవాలి. మూసిన తరువాత ఒకదాని నీళ్ళలో ఒకటి ఉడకాలి. కూర రసం ఆలుగడ్డ తాగాలి. ఆవిరి బయటికి పోవద్దు. అంచు అందుకే సాయవ్వా, అందానికి కాదు!"

సాయవ్వ ఆ తునకను అట్లనే సూసుకుంట నిలవడ్డది. ఇన్నేండ్లు అంచు అల్లింది, గిప్పుడు ఎరుకైంది దాని ఇలువ. గంటె లేదు, మూత లేదు, కలుపుడు లేదు. వంట జేసేదే అంచు! "అయ్యో నా తెలివి తెల్లారా! నువ్వు చెప్పంగ ఇనకపోతి గదమ్మా" అని లెంపలు వేసుకున్నది. గని లోపల్లోపల ఆమెకు సంతోషం ఆగుతలేదు. ఈ పని తన కోసమే పుట్టిందనిపించింది.

"ఇంకొక్కసారికే మైదా ఉంది. ఈ యుద్ధంలో మళ్ళీ దొరకదు" అన్నది దొరసాని. "మా అన్న తిని ఇది పాస్టీ అంటే ఆ పీట నీది. కాదంటే భూపతి చెప్పిన మనిషిని పిలవక తప్పదు."

జాన్ దొర వచ్చేనాడు సాయవ్వ కోడి కూయక ముందే లేసింది. మైదల వెన్న, కొవ్వు కలిపి, చల్లనీళ్ళు చిలకరించి, పిండి పిసికి పక్కకు పెట్టింది. కూర కోసింది. ఆలుగడ్డ, శల్గంగడ్డ కత్తితోని పలుచగ చెక్కింది. అన్ని పచ్చివే! చేతులు మసాల డబ్బ దిక్కు పోతుంటె "ఏయ్, ఆగు" అని చేతులనే తిట్టింది. అంచును గరిజె లెక్క సన్నగ గాక మోకు లెక్క లావుగ అల్లింది. మూడు అయినయి.

"కొనకు పేరు వేయాలి" అన్నది దొరసాని. "మా గనుల్లో ఎవరిది వాళ్ళకు తెలవాలని వేస్తారు. పేరు లేని కొన నుంచి తినడం మొదలుపెడతారు. సగంలో ఆపినా పేరు మిగులుతుంది." మిగిలిన పిండితోని అన్నకు, తనకు ఇంగ్లీషు అక్షరాలు అతికింది. మూడోదాని మీద "సా" అని తెలుగుల పెట్టింది. "ఇది నీది." సాయవ్వకు సదువు రాదు. తన పేరు ఇట్ల ఉంటదని గప్పుడే సూసింది. ఏలుతోని రెండుసార్లు గాలిల రాసి సూసుకున్నది.

పాస్టీలు సన్న సెగ మీద గంటసేపు కాలినయి. రంగు తిరిగినయి. ఒక్క అంచు సుత ఇడువలేదు. ఇగ బస్సు రావాలె. రాదే! గవి బొగ్గుతోని నడిచే బస్సులు. లడాయి పుణ్యాన పెట్రోలు ఏడిది? వర్గల్ దాటినంక ఎక్కడ్నో ఆగిందట, జనం దిగి తోస్తున్నరట. ఒక గడియ పాయె, రెండు గడియలు పాయె. సాయవ్వ వంటింట్లకు ఉరుకుడు, గేటు కాడికి ఉరుకుడు. మళ్ళ పొయ్యిల పెడితె పిండి రాయైతది, బయట పెడితె సల్లారుతది. సట్టున యాదికొచ్చింది. యోబుకు బావి కాడికి తాను అన్నం సద్ది గొంగట్ల సుట్టి తీస్కపోయేది. ఉరికి ఇంట్లకెళ్ళి యోబు గొంగడి తెచ్చి, పాస్టీలను పలుచబట్టల పెట్టి, గొంగడి నాలుగు మడుతలు సుట్టింది.

మూడు గంటలు గడిచినంక బస్సు దుమ్ములేపుకుంట వచ్చింది. జాన్ దొర ముసలాయన, పొట్టి, బలమైన మనిషి, మొకమంత బొగ్గుమసి. అన్నాచెల్లెండ్లు కావలించుకొని ఏడుస్తుంటె గేటు కాడ అందరి కండ్లల్ల నీళ్ళే. భూపతి సుత ముక్కు తుడుసుకున్నడు.

దొరసాని పింగాణి ప్లేటు, కత్తి, ముళ్ళచెంచ పెట్టింది. జాన్ దొర వాటిని పక్కకు జరిపిండు. పాస్టీని చేతులకు తీసుకోంగనె నిలవడిపోయిండు. ఇంక వేడిగనే ఉన్నది! అంచు పట్టుకొని వరండలకు నడిచి, నిలవడి, కొరికిండు. నములుతుండు. ఇంకోటి కొరికిండు. సాయవ్వ తలుపు సందులకెళ్ళి సూస్తున్నది. ఆయన తింటనే ఉన్నడు, తింటనే ఉన్నడు. కూర అయింది, రొట్టె అయింది. చేతుల అంచు మిగిలింది, పేరున్న కొన మిగిలింది.

దాన్ని జాన్ దొర తోటల ఉన్న పాత బావి దిక్కు ఇసిరేసిండు.

"సూసినవా, నీ అల్లిక దొరకు మింగుడువడలే" అన్నడు భూపతి ఎనుక నుంచి.

ఇగ సాయవ్వ ఆగుతదా? పీట పాయె అన్న రంది కన్న, అల్లిన అంచును ఇసిరేసిండన్న కోపం నెత్తికెక్కింది. కొంగు బిగించి సక్కగ వరండలకు పోయింది.

"బాగలేకుంటె బాగలేదని చెప్పున్రి దొరా! మొకం మీద చెప్పున్రి! తినే తిండిని గట్ల ఇసిరేస్తరా? గా అంచు లేకుంటె మీ నోట్లెకు ఆ కూర వచ్చేదా? పొద్దుగాల్నుంచి వేళ్ళు నొప్పులెత్తంగ అల్లిన, తెలుసా మీకు?"

భూపతి నోరెళ్ళవెట్టిండు. దొరసాని అన్న మొకం సూసింది. "ఏమంటుంది?" అని ఆయన అడిగిండు. ఆమె ఒక్క మాట ఇడువకుంట ఇంగ్లీషుల చెప్పింది. జాన్ దొర ఎంటనే నెత్తిమీది టోపీ తీసిండు. సాయవ్వ దిక్కు తిరిగి మెల్లగ మాట్లాడిండు. ఆయన మాటను దొరసాని తెలుగుల చెప్పుకుంట వచ్చింది.

"గనిలో మా చేతులకు విషం అంటుకొని ఉంటుంది. అంచు పట్టుకొని తింటాం, పట్టుకున్న అంచు తినం. ఆ కొనను గనిలోనే వేస్తాం, భూమి లోపల ఉన్న వాళ్ళకు. మా నాన్న గని కూలి లోపలే ఉండిపోయాడు. తీయలేకపోయారు. ఆయనకు సమాధి లేదు. కొన వేస్తే ఆయనకు ముడుతుందని మా అమ్మ చెప్పేది."

సాయవ్వ కోపం ఎటు పోయిందో పోయింది. బిగించిన కొంగు ఇడిశింది.

"కోలారులో ఎంతోమంది చేసిన పాస్టీలు తిన్నాను. ఇరవై ఏళ్ళలో ఒక్క కొన కూడా వేయలేదు. అవి పాస్టీలు కావు, మా నాన్నకు ఏం పంపను? ఈరోజు ఈ బావిలోంచి పంపాను."

దొరసాని కండ్లు ఒత్తుకొని భూపతి దిక్కు తిరిగింది. "సికింద్రాబాద్ మనిషికి రావద్దని రాయి" అన్నది. "సరే మేడమ్" అన్నడు భూపతి. అని, సాయవ్వ పక్కపొంటి పోవుకుంట "నిజంగ బాగుండెనా? నాకొక తునక..." అని గులిగిండు.

"మిగిలింది నాది, నా పేరు సుత ఉన్నది" అని సాయవ్వ గొంగట్లకెళ్ళి మూడో పాస్టీ తీసుకున్నది. పొద్దు ఇంక గుంకలేదు. గేటు దాటి, ఇన్నేండ్లు మొకం సూడని చిన్నకోడూరు తొవ్వ పట్టింది. మొదలు నడిచింది, తర్వాత ఉరికింది. ముండ్లచెట్లు మొలిచిన ఆ సగం బావి ఒడ్డుకు పోయి, ఊపిరి తీసుకొని, పేరు లేని కొన నుంచి తినుడు మొదలువెట్టింది. తింటనే మాట్లాడుడు. ఆరేండ్ల మాటలు గద.

"ఏమయ్యో, ఇనవడుతుందా? నాకు పొయ్యి కాడ పీట దొరికింది! దొర టోపీ తీసిండు నాకు! కంపౌండరు మొకం సూడాలె నువ్వు! పచ్చికూర వెట్టిన అందుల, నువ్వుంటె నన్ను తిట్టేటోనివి. నీ గొంగట్లనే సుట్టి పెట్టిన, పొగల్లేస్తుండె!"

నవ్వుతుంది, కండ్లు తుడుసుకుంటుంది, తింటుంది. ఆఖరుకు చేతుల అంచు మిగిలింది, దాని కొనకు "సా" మిగిలింది. గది ఇసరలేదు సాయవ్వ. ఒడ్డుమీద బోర్ల పండుకొని, చేయి ఎంత అందితె అంత లోపలికి చాపి, మెల్లగ ఇడిశింది.

"తినయ్యా" అన్నది. "నీకు సదువు రాదు గద, చెప్తున్న. గది నా పేరే."